టర్న్‌టేబుల్ మ్యాట్ మారిస్తే పాట నిజంగా బాగా వినిపిస్తుందా?

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నా టర్న్‌టేబుల్‌తో (రికార్డు ప్లేయర్‌తో) పాటు వచ్చిన, రికార్డు కింద పరిచే పల్చటి ఫెల్ట్ (ఒత్తు గుడ్డ) మ్యాట్ తీసేసి రబ్బరుదో కార్క్‌దో వేద్దామనుకుంటున్నాను. వాడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, తేడా చెవికి తెలుస్తుందా?

ఫెల్ట్‌తో చిరాకేమిటంటే, రికార్డు తీయబోతే మ్యాట్ కూడా దానికి అంటుకుని పైకి లేస్తుంది. పైగా దుమ్మంతా దానికే పడుతుంది. ఇది మ్యాట్ మారిస్తే తీరిపోతుందనే నా నమ్మకం.

అసలు బాధ వేరే. నాన్నగారు దాచుకున్న ఘంటసాల పద్యాల ఎల్పీలున్నాయి. రాగం చివర ఆయన గొంతు సన్నబడే చోట అడుగున బొయ్యిమని ఒక మోత వినిపిస్తోంది. నా ప్లాటర్ (రికార్డును మోస్తూ తిరిగే పళ్లెం) అల్యూమినియంది, మ్యాట్ తీసి వేలితో కొడితే గంటలా మోగుతుంది. మోత దాని వల్లైతే రబ్బరు అణుస్తుంది. మోటారుదైతే మ్యాట్ ఎంతవరకు ఆపగలదు? రెండింటినీ విడదీసి కనిపెట్టేదెలా?

ఇంకో టెన్షన్ మందం గురించి. 3 మిల్లీమీటర్ల మ్యాట్ వేస్తే రికార్డు ఎత్తు పెరిగి, ముల్లు గాడిలో ఆనే కోణం మారుతుంది కదా. నా టోన్‌ఆర్మ్‌కి (ముల్లు బిగించిన చేతికి) ఎత్తు సర్దే వీలు లేదు.

ఇల్లు కాలవ గట్టునే. వానాకాలంలో రికార్డుల అట్టలకే బూజు పడుతుంది. ఈ చెమ్మకి కార్క్ ఆగుతుందా? కాకినాడ, భీమవరం వైపు వాడుతున్నవాళ్లు ఏ మందంది వేశారో, ఎక్కడ కొన్నారో కాస్త చెప్పండి.