నాగోబా జాతరకు మొదటిసారి వెళ్తున్నాం, కాస్త చెప్పండి

ఆదిలాబాద్ వైపు వాళ్లెవరైనా ఉంటే చెప్పగలరా? ఈసారి పుష్య అమావాస్యకు అమ్మను తీసుకుని ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌లో గోండుల నాగదేవత నాగోబా జాతరకు వెళ్దామనుకుంటున్నా. గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన హస్తినమడుగుకు వెళ్లి గోదావరి జలం తెస్తారని, ఆ నీళ్లతోనే రాత్రి మహాపూజ అని తెలుసు. ఆ వంశం కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే 'భేటింగ్' బయటివాళ్లు దూరం నుంచి చూడొచ్చా? ఫొటోలు తీయాలని లేదు, అడగకుండా కెమెరా పెట్టడం నాకే నచ్చదు. అమ్మేమో కొబ్బరికాయ కొట్టాలంటోంది. బయటివాళ్లకు దర్శనం ఏ సమయంలో దొరుకుతుంది? గోండు పెద్దలు ఎదురైతే "రామ్ రామ్" అంటే సరిపోతుందా? రాత్రి చలికి అరవై దాటిన మనిషి ఉండగలిగే చోటు ఇంద్రవెల్లిలో దొరుకుతుందా, లేక ఉట్నూర్ వెళ్లాలా?