మెయిల్‌లో పొల్లు తరువాతి అక్షరం ఒత్తుగా మారకుండా టైపు చేయడం ఎలా?

ప్రశ్న (చిక్కడపల్లి):
త్యాగరాయ గానసభలో జరిగే మా సాహిత్య కార్యక్రమాల ఆహ్వానాలను నేనే అవుట్‌లుక్‌లో టైపు చేసి సభ్యులకు పంపుతుంటాను. ‘హైదరాబాద్‌లో’ అని రాయబోతే ‘హైదరాబాద్లో’ అని పడుతోంది. ప్రతిసారీ వేరొక చోట సరైన మాటను వెతికి, కాపీ చేసి తెచ్చుకుంటున్నాను. రూపాయి గుర్తు విషయంలోనూ ఇదే అవస్థ. మెయిల్ రాస్తున్న చోటే వీటిని సులువుగా కొట్టే మార్గం ఉంటే దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
పొల్లు తరువాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా మార్చడం తెలుగు లిపికి సహజమే కాబట్టి, అది మీ కంప్యూటర్ తప్పు కాదండీ. ఆ రెంటి మధ్య కంటికి కనిపించని ఒక అక్షరాన్ని ఉంచితే ఒత్తు ఏర్పడదు. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణంలో) దాని సంఖ్య 200సి. అవుట్‌లుక్‌లో పొల్లు పక్కనే ఈ సంఖ్యను ఇంగ్లీషులో కొట్టి, ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కితే సంఖ్య పోయి ఆ అక్షరం వస్తుంది. తరచుగా వాడే మాటలను మాత్రం ఆటోకరెక్ట్ (తప్పు మాటను దానంతటదే సరిచేసే సదుపాయం) జాబితాలో చేర్చుకోండి: ఎడమ గడిలో ‘హైదరాబాద్లో’, కుడి గడిలో ‘హైదరాబాద్‌లో’. జాబితా ఒక్కో భాషకు వేరుగా ఉంటుంది కనుక, పైన తెలుగు పేరు ఉందో లేదో చూసుకోవాలి.

జవాబు 2:
పై సలహా మంచిదే గాని, ‘హైదరాబాద్‌కు’, ‘హైదరాబాద్‌నుంచి’ అంటూ విభక్తికో పద్దు రాసుకోవడం ఎవరి వల్ల అవుతుంది? పైగా రేపు మీరు మరో మెయిల్ సాఫ్ట్‌వేర్ అయిన థండర్‌బర్డ్‌కు మారితే ఆ జాబితా వెంట రాదు. ఈ ఏర్పాటు మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో కాక కీబోర్డులోనే ఉండాలని నా అభిప్రాయం. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్‌లో మీ తెలుగు కీబోర్డు అమరికను తెరిచి, ఖాళీగా ఉన్న ఒక మీటకు ఆ కనిపించని అక్షరాన్ని, మరొకదానికి ₹ గుర్తును కేటాయించి స్థాపించుకుంటే, బ్రౌజర్‌లో తెరిచే మెయిల్‌తో సహా అన్నిచోట్లా అవే మీటలు పనిచేస్తాయి. అంత శ్రమ వద్దనుకుంటే, రూపాయి గుర్తు వరకు విండోస్‌లోని ‘ఇంగ్లీష్ (ఇండియా)’ కీబోర్డును ఎంచుకుని, కుడివైపు ఆల్ట్‌తో 4 నొక్కండి. ఈ గుర్తును ప్రభుత్వం ఆమోదించినది 2010 జులైలో, యూనికోడ్‌లో చేరినది అదే ఏడాది అక్టోబరులో. అందుచేత అంతకు ముందునాటి ఫాంట్లు వాడే సభ్యులకు ఖాళీ గడి కనిపించవచ్చు. అటువంటివారికి ‘రూ.’ అని రాయడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. అమరికను మార్చుకున్నాను, చక్కగా పనిచేస్తోంది. అయితే ఇప్పుడు ‘హైదరాబాద్లో’ అని వెతికితే పాత మెయిళ్లు, ‘హైదరాబాద్‌లో’ అని వెతికితే కొత్తవి మాత్రమే వస్తున్నాయి.

జవాబు 2 రాసినవారు:
కనిపించకపోయినా అదీ ఒక అక్షరమే కనుక, వెతికే ప్రోగ్రాము రెంటినీ వేరు మాటలుగా లెక్కిస్తోంది. ‘హైదరాబాద’ వరకే కొట్టి వెతికి చూడండి.