సిరిమానోత్సవానికి పెద్దవారితో, పిల్లలతో వెళ్లడం గురించి

ప్రశ్న: దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఈసారి మా అమ్మగారిని, ఏడేళ్ల పాపను తీసుకువెళ్లాలనుకుంటున్నాము. ఊరేగింపును ఎక్కడ నుంచి చూడాలో, పాపకు దాని చరిత్రను ఎలా చెప్పాలో తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు: సిరిమాను, అంటే పూజారి చివర కూర్చొని వచ్చే పొడవైన మాను, మూడు లాంతర్ల కూడలి దగ్గరి అమ్మవారి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు వెళ్లివస్తుంది కనుక, మొదటిసారి కనబడలేదని తోపులాటలోకి వెళ్లనక్కరలేదు. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కూడా ఊరేగింపులో ఉంటాయి. పాపకు ముందుగా వాటిని చూపించండి. భక్తులు మాను వైపు విసిరే అరటిపళ్లు మీమీదా పడతాయి. మా నాన్నగారి తెల్లచొక్కా మీది మరక నేటికీ పోలేదు.

రెండవ జవాబు: 1757 నాటి బొబ్బిలి యుద్ధంతో మొదలుపెట్టండి. విజయనగరం రాజు విజయరామరాజుగారి చెల్లెలే ఆ యుద్ధానంతరం మరణించి పెద్దచెరువులో అమ్మవారిగా వెలిశారని స్థానికుల నమ్మకం. పొడవైన చింతమాను చివర కూర్చొని వచ్చే పూజారిని ఆ అమ్మవారి ప్రతిరూపంగా భావిస్తారు. వీలైతే సోమవారమే చేరుకోండి, ముందురోజు జరిగే తొలేళ్ల వేడుక సందడి వేరు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. అమ్మగారు సోమవారమే బయలుదేరదామంటున్నారు.