గాజువాక నుంచి కాకినాడకి బస్సు: పెద్దావిడ, ఆరేళ్ల పిల్లాడితో ఏది ఎక్కాలి?

గాజువాక_అమ్మాయి (ప్రశ్న)

నమస్కారమండీ. కార్తీకమాసంలో ఒక శనివారం కాకినాడలో పెళ్లి ఉంది. ముహూర్తం ఉదయం 11:40కి. మండపం సర్పవరం వైపు. మేం ముగ్గురం: నేను, మా అమ్మ (66 ఏళ్లు, షుగరు, రెండు గంటలకోసారి బాత్రూముకి వెళ్లాలి), మా బాబు (ఆరేళ్లు, బస్సులో వాంతులు చేసుకుంటాడు). ఆదివారం సాయంత్రం తిరిగి రావాలి.

ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకి ఉచితం కదా, అదే ఎక్కేద్దామా, సూపర్ లగ్జరీకి ముందే బుక్ చేసుకోవాలా? గాజువాకలో ఎక్కితే సీట్లు ఉంటాయా, బస్సు బయలుదేరే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌కి (పెద్ద బస్టాండ్) వెళ్లి ఎక్కాలా? సామర్లకోట దాకా రైల్లో వెళ్లడమే మేలని కొందరు అంటున్నారు.

హైవే16

దూరం సుమారు 145 కిలోమీటర్లు. అనకాపల్లి, యలమంచిలి, నక్కపల్లి, పాయకరావుపేట, తుని, అన్నవరం దాటి కత్తిపూడి దాకా 16వ నంబరు హైవే. అక్కణ్ణుంచి ఎడమకి తిరిగి 216 మీద గొల్లప్రోలు, పిఠాపురం, కాకినాడ. నాలుగు గంటలు పెట్టుకోండి. ఎక్స్‌ప్రెస్ ఊరూరా బస్టాండ్లలోకి వెళ్తుంది కాబట్టి మరో అరగంట కలపండి. ముహూర్తం 11:40 అంటే మీరు గాజువాకలో ఆరున్నర లోపు బస్సులో ఉండాలి. ఏడు దాటితే తలంబ్రాల టైముకి చేరతారు.

ఉచితం సంగతి. స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్: ఈ ఐదింటికే వర్తిస్తుంది. అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో లేదు. చాలామంది పొరబడేది నాన్‌స్టాప్ దగ్గర. బండి మీద ఎక్స్‌ప్రెస్ అని రాసున్నా అది నాన్‌స్టాప్‌గా తిరుగుతుంటే టికెట్ కొనాల్సిందే. మెట్టు ఎక్కే ముందే కండక్టర్ని అడగండి. ఆంధ్రప్రదేశ్ అడ్రసున్న ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు వీటిలో ఏదో ఒకటి చూపించి సున్నా టికెట్ అడిగి తీసుకోవాలి. డబ్బులు కట్టకపోయినా చెకింగ్ వస్తే ఆ కాగితమే చూపించాలి. బాబుకి అయిదు నిండాయి కాబట్టి అర టికెట్ పడుతుంది.

కానీ మీ పరిస్థితికి ఎక్స్‌ప్రెస్ వద్దనే నా మాట. చాలా ఎక్స్‌ప్రెస్‌లలో సీట్లు ఒకపక్క మూడు, ఒకపక్క రెండు. ముగ్గురి సీటులో పెద్దావిడ మధ్యలో ఇరుక్కుంటే మోకాళ్లు చాపుకోవడానికి ఉండదు. పైగా కార్తీకం. అన్నవరం వ్రతాలకి వెళ్లేవాళ్లంతా ఈ బస్సులే ఎక్కుతారు. కాంప్లెక్స్‌లోనే నిండిపోయి వస్తే గాజువాకలో మీకు నిలబడే చోటే. అన్నవరంలో సగం బస్సు దిగిపోతుంది, నిజమే. కానీ అప్పటికి మూడొంతుల దారి అయిపోతుంది.

వెళ్లేటప్పుడు సూపర్ లగ్జరీకి రిజర్వేషన్ చేయించండి. రెండు పక్కలా ఇద్దరేసి, వెనక్కి వాలే సీట్లు. అమ్మగారికి 60 దాటాయి కాబట్టి సీనియర్ సిటిజన్ కింద 25 శాతం రాయితీ ఉంది. బుక్ చేసేటప్పుడే ఆ కేటగిరీ ఎంచుకోవాలి. మామూలు టికెట్ తీసుకుని బస్సులో కార్డు చూపిస్తే తేడా తిరిగి ఇవ్వరు. వయసు కనిపించే గుర్తింపు కార్డు వెంట ఉంచండి.

తుని_రోడ్డు

పై జవాబు సరిగ్గా ఉంది. ఎక్కే చోటు గురించి కొంచెం కలుపుతాను.

రిజర్వేషన్‌లో బోర్డింగ్ పాయింట్ దగ్గర కాంప్లెక్స్ అని వదిలేసి గాజువాకలో నిలబడేవాళ్లు చాలామంది. కండక్టర్ చార్టు చూసుకుని కాంప్లెక్స్‌లో రాలేదని రాసుకుంటే ఆ సీటు వేరేవాళ్లకి వెళ్లిపోవచ్చు. కాబట్టి గాజువాక అనే ఎంచుకోండి. అక్కడ కూడా పాత గాజువాకా కొత్త గాజువాకా అన్నది టికెట్ మీద చూసుకోండి. పిల్లాడు, సంచులతో ఒక జంక్షన్ నుంచి ఇంకోదానికి పరుగెత్తడం కుదరదు. టికెట్ మీద ఉన్న టైము కంటే పావుగంట ముందు ఉండండి.

బయలుదేరే ముందు ఫోనుకి బండి నంబరుతో మెసేజ్ వస్తుంది. ఏపీఎస్ఆర్టీసీ లైవ్ ట్రాక్ యాప్‌లో సర్వీస్ నంబరు కొడితే బస్సు గాజువాకకి ముందొచ్చే ఎన్ఏడీ జంక్షన్ దాటిందో లేదో తెలుస్తుంది. విజయవాడ, రాజమండ్రి, అమలాపురం బస్సులన్నీ అదే రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రంగు చూసి చెయ్యెత్తకుండా నంబరు ప్లేటు చూడండి.

ఒకవేళ బస్సు తప్పిపోతే విజయవాడ వైపు వెళ్లేది ఏదైనా ఎక్కి కత్తిపూడిలో దిగొచ్చు. అక్కడ తుని వైపు నుంచి కాకినాడ బస్సులు దొరుకుతాయి. మిగిలింది 40 కిలోమీటర్ల లోపే. అయితే కత్తిపూడిలో ఆపుతారా అని ఎక్కకముందే అడగాలి. సూపర్ లగ్జరీలు కొన్ని అక్కడ ఆగవు.

బాత్రూము: అనకాపల్లి, తుని బస్టాండ్లలో ఉన్నాయి. అనకాపల్లి మీకు మరీ దగ్గర, తుని సగం దారి దాటాక వస్తుంది. ఆరింటికి ఎక్కితే తునికి ఎనిమిదిన్నర లోపు వస్తారు. తునిలో బస్సు ప్లాట్‌ఫాం మీద పెట్టి, కంట్రోలర్ దగ్గర టైము రాయించుకుని, అయిదు పది నిమిషాల్లో రివర్సు తీస్తారు. దిగేది అమ్మగారని, వచ్చేదాకా ఆగమని కండక్టర్‌కి పాయకరావుపేటలోనే చెప్పండి. తాండవ వంతెన దాటితే తునే కాబట్టి అక్కడే చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉంటే టైము సరిపోతుంది. మీరు ఆవిడతో వెళ్తే బాబుని కూడా దింపుకోండి, సీటు మీద సంచి పెడితే చాలు. చిల్లర చేతిలో ఉంచుకోండి. కండక్టర్ లేకుండా డ్రైవరే టికెట్లు కొట్టే బస్సయితే ఈ సంగతి ఎక్కగానే ఆయనకే చెప్పాలి. వెనక ఎవరు దిగారో ఆయన లెక్కపెట్టుకోలేడు.

పిఠాపురం_వాస్తవ్యులు

బాబు వాంతుల గురించి ఎవరూ చెప్పలేదు. ఈ దారిలో ఘాట్ రోడ్డు లేదు, మలుపులు తక్కువ. కడుపులో తిప్పేది రెండు చోట్ల. మొదటిది గాజువాక నుంచి లంకెలపాలెం దాకా, లారీల మధ్య పదే పదే బ్రేకు కొట్టడం వల్ల. రెండోది కత్తిపూడి దాటాక ఊళ్లలో స్పీడు బ్రేకర్ల దగ్గర. మధ్యలో హైవే మీద పిల్లాడు నిద్రపోతాడు.

సీటు ముందు సగంలో, నాలుగో వరస నుంచి ఏడో వరస లోపు తీసుకోండి. వెనక చక్రం మీదా, దాని వెనకా కుదుపు ఎక్కువ. డ్రైవరు వైపు వరస ఎంచుకోండి. పొద్దున్న ఎండ తలుపు వైపు కిటికీల్లోంచి పడుతుంది. బస్సు నైరుతి దిక్కుగా పోతుంది కాబట్టి కాకినాడ చేరేదాకా ఆ పక్క వాళ్లకి ఎండే. నాన్ ఏసీ అయితే అద్దం తెరుచుకోవచ్చు. వాంతుల పిల్లలకి మూసిన ఏసీ కంటే ముఖానికి గాలి తగలడం మంచిది.

ఎక్కే గంట ముందు రెండు ఇడ్లీలు, కారం లేకుండా. పాలు వద్దు. ఖాళీ కడుపుతో తీసుకెళ్తే ఇంకా ఎక్కువ తిప్పుతుంది. ఫోను చేతికివ్వకండి, దూరంగా ఉన్న కొండలు చూపించండి. అవోమిన్ లాంటి మాత్ర పిల్లలకి బరువుని బట్టి ఇస్తారు, పిల్లల డాక్టర్ని అడక్కుండా వేయొద్దు. వేస్తే బయలుదేరడానికి ముందే, డాక్టర్ చెప్పిన టైముకి వేయాలి. వాంతి మొదలయ్యాక మింగించిన మాత్ర బయటికొచ్చేస్తుంది. పట్టుచీరలు పైన ర్యాకులో, మందమైన కవర్లు రెండు ఒళ్లో.

మండపం సర్పవరం వైపైతే కాకినాడ కాంప్లెక్స్ దాకా వెళ్లకండి. పిఠాపురం నుంచి వచ్చే బస్సు సర్పవరం జంక్షన్ మీదుగానే భానుగుడి వైపు వెళ్తుంది. పిఠాపురం దాటగానే చెబితే జంక్షన్‌లో దింపుతారు. కాంప్లెక్స్‌లో దిగి ఆటోలో మళ్లీ వెనక్కి రావడం దండగ.

వానలు గట్టిగా పడితే ఒక జాగ్రత్త. ఏలేరు పొంగితే గొల్లప్రోలు దగ్గర రోడ్డెక్కుతుంది, 2024 సెప్టెంబరులో అదే అయింది. అలాంటప్పుడు జగ్గంపేట, పెద్దాపురం, సామర్లకోట చుట్టు తిరగాలి, గంట ఎక్కువ పడుతుంది. ఉప్పాడ బీచ్ రోడ్డు మూసేశారన్న వార్త చూసి మాత్రం కంగారు పడకండి. మీ బస్సు ఆ దారిన రాదు.

గాజువాక_అమ్మాయి

చాలా థాంక్సండీ. సూపర్ లగ్జరీకే బుక్ చేస్తాను, బోర్డింగ్ గాజువాక. మరి రైలు సంగతి? తిరుగు ప్రయాణానికి కూడా ముందే చేయించాలా?

హైవే16

రైలు వేగమే. జన్మభూమి, రత్నాచల్, సింహాద్రి సామర్లకోటలో ఆగుతాయి. కానీ కాకినాడ మెయిన్ లైను మీద లేదు. పిఠాపురం నుంచి నేరుగా లైను వెయ్యమని ఆ ఊరివాళ్లు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు, అడగాల్సిందే కూడా. ఇప్పటికైతే మీరు గాజువాక నుంచి స్టేషన్‌కి, సామర్లకోటలో వంతెనెక్కి దిగి, మళ్లీ ఆటోకి. అమ్మగారితో మూడు మార్పులు. రైల్లో బాత్రూము ఉంటుందన్న ఒక్క సుఖం కోసమే ఆలోచించాలి.

తిరుగు టికెట్ ఇవాళే చేయించండి. ఆదివారం సాయంత్రం హాస్టల్ పిల్లలు, ఉద్యోగాలవాళ్లు అందరూ విశాఖ వస్తారు. కాకినాడ కాంప్లెక్స్‌లోనే బయలుదేరే సర్వీసు తీసుకోండి. కోనసీమ నుంచి వచ్చేవి ఆలస్యంగా వస్తాయి, మంచి సీట్లు అప్పటికే పోయి ఉంటాయి. అక్కడ మటుకు సర్పవరం జంక్షన్‌లో నిలబడి చెయ్యెత్తొద్దు, కాంప్లెక్స్‌కే వెళ్లండి. నాన్‌స్టాప్‌లకి బస్టాండ్‌లోనే గ్రౌండ్ బుకింగ్‌లో టికెట్లు కొట్టేస్తారు, బయలుదేరాక మధ్యలో తలుపు తియ్యరు. నాలుగు గంటలకి ఎక్కితే ఎనిమిది, ఎనిమిదిన్నరకి గాజువాకలో ఉంటారు. నాన్‌స్టాప్ కాని బస్సయితే అన్నవరంలో వ్రతాలు చేసుకున్నవాళ్లు ఎక్కి నడవ కూడా నిండిపోతుంది, అందుకని అమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి మీరు నడవ వైపు కూర్చోండి.

తుని_రోడ్డు

తిరుగు టికెట్‌లో దిగే చోటు గాజువాక అని పెట్టండి. అప్పుడు చార్టులో కనిపిస్తుంది, కూర్మన్నపాలెం దాటగానే గుర్తుచేస్తే చాలు.