చచ్చిన లైపోని ఎన్‌ఐఎంహెచ్ మోడ్‌లో లేపొచ్చా?

ఎర్రరెక్కలు:
ఆదివారం ఎగరేశాక రిమోట్ విమానంలోంచి బ్యాటరీ ప్యాక్ ఊడదీయడం మర్చిపోయాను. రిసీవర్ రాత్రంతా లాగేసింది. 3ఎస్ 2200 లైపో, అంటే మూడు లిథియం పాలిమర్ సెల్స్ వరసగా ఉన్న 2200 ఎంఏహెచ్ ప్యాక్. సెల్స్ ఇప్పుడు 2.9, 2.8, 1.4 వోల్టులు. లైపో మోడ్‌లో పెడితే ఛార్జర్ ‘లో వోల్టేజ్’ అని ఆగిపోతోంది. ఎన్‌ఐఎంహెచ్ మోడ్‌లో, అంటే నికెల్ బ్యాటరీల మోడ్‌లో, కాసేపు పెడితే లేస్తుందంటున్నారు. కొత్తది దాదాపు 2,000 రూపాయలు. ఏం చేయమంటారు?

పాతపైలట్:
లేస్తుంది బ్రదర్, నేను లేపాను. నా ప్యాక్‌లో మూడూ 2.7 దగ్గర ఉండేవి. 0.1 ఆంపియర్‌తో ఆ మోడ్‌లో పెట్టి, మీటర్ పట్టుకుని పక్కనే కూర్చున్నా. ప్రతి సెల్లూ 3 దాటాక ఆపేసి, లైపో మోడ్‌లో సెల్స్ అన్నీ సమానంగా నిండేలా బ్యాలెన్స్ ఛార్జ్ చేశాను. ఏడాదిగా ఎగురుతోంది.

మీటర్‌మనిషి:
మీ సెల్స్ 2.7 దగ్గర ఉన్నాయి కాబట్టి బతికాయి అన్నా. ఈయన మూడో సెల్ 1.4. లిథియం సెల్ 2 వోల్టుల కంటే బాగా కిందికి దిగితే లోపలి రాగి రేకు ఎలక్ట్రోలైట్‌లో కరగడం మొదలవుతుంది. మళ్లీ ఛార్జ్ పెడితే ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుంటుంది. ప్లస్, మైనస్ పొరల మధ్య అడ్డుగా ఉండే సెపరేటర్‌ని దాటిందంటే లోపలే షార్ట్. అది ఈ రోజే కాకపోవచ్చు, పదో ఛార్జ్‌లో కావచ్చు, అందరూ పడుకున్నాక కావచ్చు. నా భయం అదే.

ఇక ఆ మోడ్ సంగతి. లైపో మోడ్‌లో సెల్ 4.2 వోల్టులు దాటకుండా ఛార్జర్ చూసుకుంటుంది. నికెల్ మోడ్ మాత్రం బ్యాటరీ నిండాక వోల్టేజ్ కాస్త పడిపోవడం కోసం చూస్తుంది. లైపోలో అలా పడిపోవడం ఉండదు. ఫోనొచ్చి మీరు అవతలి గదిలోకి వెళ్తే ఆపే దిక్కు లేదు. పైగా చూసేది మొత్తం ప్యాక్‌నే. 3.4, 3.3, 2.3 కలిపినా 9 వోల్టులే కదా, అన్నీ 3కి వచ్చేశాయనుకుంటాం.

పాతపైలట్:
1.4 అన్నది నేను సరిగా చూడలేదు, తప్పు నాదే. దాన్ని వదిలేయండి. కానీ 2.5 పైనున్న వాటినీ పారేయమంటే మాత్రం ఒప్పుకోను.

మీటర్‌మనిషి:
ఉబ్బకుండా, ఒక్క రాత్రే దిగినవైతే సరే. కానీ దానికి నికెల్ మోడ్ ఎందుకు? బెంచ్ సప్లైలో (వోల్టేజ్, కరెంట్ మనమే సెట్ చేసుకునే పవర్ సప్లై) 3.1 వోల్టులు, 0.1 ఆంపియర్ పరిమితి పెట్టి బ్యాలెన్స్ లీడ్‌లోంచి (ఒక్కో సెల్‌కి వెళ్లే సన్న తీగల కనెక్టర్) ఒక్కో సెల్‌కి విడిగా ఇవ్వండి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. 3.1కి మించి సెల్ ఎక్కదు.

ఎర్రరెక్కలు:
ఏమీ తగిలించకుండా రాత్రి వదిలేసి పొద్దున కొలిచాను. మొదటి రెండూ కదల్లేదు. మూడోది 0.9కి దిగింది, వేలు ఆనిస్తే ఆ వైపు మెత్తగా ఉంది. బాల్కనీలో మట్టి కుండీలో పెట్టి, మిగిలిన ఛార్జ్ దిగిపోవడానికి బైక్ ఇండికేటర్ బల్బు కట్టాను. మసగ్గా వెలుగుతోంది. సున్నాకి వచ్చాక ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేస్తాను.