బెనిఫిట్ షో అంటే ఎవురికి బెనిఫిట్?

అలిపిరి కుర్రోడు:
అన్నలూ అక్కలూ ఒక డౌట్. మా తిరుపతిలో పెద్ద హీరో సినిమా వస్తే అర్ధరాత్రి ఒంటిగంటకో తెల్లారుజామున నాలుక్కో వేసే ఆటని బెనిఫిట్ షో అంటాం కదా, రేటు చూస్తే మామూలు టికెట్‌కి ఎన్నో ఇంతలుంటాది, మరి ఆ బెనిఫిట్ ఎవురికి, ముందుగా చూసే మాకా, థియేటరోళ్ళకా? ఆ పేరు యాడ్నించి వచ్చిందో తెలిసినోళ్ళు చెప్పండి.

చిత్తూరు రంగస్థలం:
అది మొదట సినిమాది కాదు నాయనా, నాటకాలది. లండన్‌లో 1600ల చివరికే ఉండాది. కొత్త నాటకం మూడో రాత్రి దాకా నిలబడితే ఆ రాత్రి వసూళ్ళలో థియేటర్ ఖర్చులు పట్టుకోని మిగిలింది రాసినాయనకి ఇచ్చేవాళ్ళు, ఇంకా ఆడితే ఆరో రాత్రి, తొమ్మిదో రాత్రి కూడా. డిక్షనరీ రాసిన శామ్యూల్ జాన్సన్ నాటకం 1749లో డ్రూరీ లేన్ థియేటర్లో 9 రాత్రులు ఆడింది, ఆయన వంతు మూడు రాత్రుల మీద దగ్గర దగ్గర 195 పౌండ్లు వచ్చినాయి. అదే రెండో రాత్రికి ఎత్తేసుంటే ఆ లెక్కన పైసా రాదు. తర్వాత యాక్టర్లకీ ఏడాదికొక రాత్రి వాళ్ళ పేరున వేసేవాళ్ళు, టికెట్లు వాళ్ళే పెద్దమనుషుల ఇండ్లకి పోయి అమ్ముకునేది. మన నాటకాలోళ్ళు కరపత్రంలో ‘ఫలానావారి సహాయార్థం’ అని వేస్తారే, ఆ పద్ధతే ఇది.

ఫస్ట్‌డే బాషా:
సినిమాల్లో కూడా అభిమాన సంఘమోళ్ళు ఆటంతా మాట్లాడుకోని, రేటు పెంచి అమ్మి, మిగిలింది అన్నదానానికో రక్తదానం క్యాంపుకో పెట్టేవాళ్ళు అన్నా. ఇప్పుడు రేటు జీవోలో వస్తాది. 2025 సంక్రాంతి ముందర మన ఏపీలో ఒక పెద్ద సినిమాకి ఒంటిగంట ఆట టికెట్ 600కి పర్మిషన్ ఇచ్చినారు, ఆ డబ్బు మామూలు కలెక్షన్లోకే. తెలంగాణలో అయితే 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో ప్రీమియర్ ఆట దగ్గర తొక్కిసలాటలో ఒకామె చనిపోయినాక బెనిఫిట్ షోలే ఉండవని అప్పట్లో చెప్పినారు.

అలిపిరి కుర్రోడు:
అంటే ఇప్పుడు పేరొకటే మిగిలిందన్నమాట. చానా థ్యాంక్స్ సార్.

చిత్తూరు రంగస్థలం:
పేరుకి తగినట్టు మళ్ళీ వేయచ్చు నాయనా. మన జిల్లాలో భారతం మిట్టల దగ్గర, అంటే మహాభారతం నాటకాలేసే చోట, తెల్లార్లూ ఆడే వేషగాళ్ళలో ముసలోళ్ళయినవాళ్ళు చానామంది ఉండారు, కండ్లు కనపడక వేషం మానుకున్నోళ్ళు కూడా. ఫ్యాన్స్ ఒక్క ఆట వాళ్ళ పేరున పెడితే చాలు. బాషా, మీ సంఘంలో అడిగి చూడు, అవసరముండే కళాకారుల లిస్టు నేను రాసిస్తా.