రెటినోబ్లాస్టోమాకు మేనరికమే కారణమా?

హంద్రీ తీరం (కర్నూలు):
మా బంధువుల ఇంట పదినెలల పాపకు ఎడమ కంటిలో రెటినోబ్లాస్టోమా అనే కణితి ఉన్నట్లు తేలింది. తల్లిదండ్రులది మేనరికం కావడంతో, పరామర్శకు వచ్చినవారు ఆ మాటే ఎత్తి తల్లిని నిందిస్తున్నారు. ఈ నింద శాస్త్రపరీక్షకు నిలవదని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఎర్రనేల (అనంతపురం):
నిలుస్తుందనే నేను అనుకుంటున్నాను. దగ్గరి సంబంధాల వల్ల తలసీమియా వంటి జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఇదీ జన్యువుల జబ్బే కదా! మన సీమలో మేనరికాలు తగ్గాలంటే ఇటువంటి ఉదాహరణలను దాచకూడదు.

హంద్రీ తీరం:
ఎర్రనేల గారూ, తలసీమియాకు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువు రావాలి కాబట్టి అక్కడ మీ మాట నిజమే. ఈ కణితికి మూలమైన ఆర్‌బీ1 జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే శాస్త్రవేత్త 48 మంది రోగుల వివరాలను లెక్కగట్టి, కణితి పుట్టడానికి రెండు దెబ్బలు, అంటే జన్యువును చెడగొట్టే రెండు మార్పులు, కావాలని ప్రతిపాదించారు. వంశపారంపర్య రకంలో మొదటి దెబ్బ పుట్టుకతోనే ఒంట్లోని కణాలన్నింటిలో ఉంటుంది. రెండోది ఎదుగుతున్న నేత్రపటలంలో (కంటి లోపల వెలుగును గ్రహించే పొరలో) ఏదో ఒక కణంలో పడుతుంది. అందుకే ఆ పిల్లలకు తరచుగా రెండు కళ్లలోనూ, మరీ పసితనంలోనే వస్తుంది. ఆ మొదటి దెబ్బ తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి వస్తే చాలు, వారు పరస్పరం బంధువులు కానక్కరలేదు. పైగా కుటుంబంలో ఎన్నడూ లేకుండా కొత్తగా వచ్చే సందర్భాలే ఎక్కువ.

పెన్న ఒడ్డు (కడప):
ఏ ప్రేరణా లేకుండా జన్యువు మారుతుందంటే ఎలా నమ్మాలి?

హంద్రీ తీరం:
దీనికి జవాబు బాక్టీరియాలో దొరికింది. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్తలు బాక్టీరియాను వేర్వేరు గొట్టాలలో పెంచి, ఆ తరువాత దానిని చంపే వైరస్‌కు గురిచేశారు. వైరస్ తగలడం వల్లనే తట్టుకునే గుణం పుట్టి ఉంటే, గొట్టం గొట్టానికీ ఇంచుమించు ఒకే సంఖ్యలో బతికి ఉండాలి. ఒక ప్రయోగంలో 20 గొట్టాలకు 11లో ఒక్కటీ మిగలలేదు, ఒకదానిలో మాత్రం బతికిన బాక్టీరియా నుంచి పెరిగిన సమూహాలు 107 కనిపించాయి. అంటే వైరస్ రాకముందే, కణవిభజన సమయంలో, ఉత్పరివర్తనాలు (జన్యువులలో మార్పులు) యాదృచ్ఛికంగా జరిగిపోయాయి. రేడియేషన్, కొన్ని రసాయనాలు వాటి రేటును పెంచగలవు, నిజమే. అవేవీ లేకపోయినా కణం విభజన చెందేటప్పుడు జన్యువుల నకలులో పొరపాట్లు దొర్లుతూనే ఉంటాయి.

ఎర్రనేల:
మేనరికాలపై నా అభ్యంతరం అలాగే ఉంది. అయితే ఈ పాపను దానికి ఉదాహరణగా చూపడం సరికాదని ఒప్పుకుంటున్నాను. ఒక్క కంటిలోనే వచ్చింది కాబట్టి వంశపారంపర్యం కాదని అనుకోవచ్చునా?

హంద్రీ తీరం:
అనుకోరాదు. ఒక్క కంటి కేసులలోనూ కొన్ని వంశపారంపర్యమైనవే. అందుకే పాప రక్తంలో ఆర్‌బీ1 పరీక్ష చేయించమని చెప్పాను. మూడేళ్ల అన్న కళ్లను కూడా, కంటిపాపలను పెద్దవి చేసే చుక్కలు వేయించి, ఈ వారమే చూపిస్తున్నారు.